డబ్బాకి ముక్కు ఎక్కడుంది?

(కొత్తవలసలో జరిగిన మండల రైతుల సమావేశంలో, మోటార్లు బాగుచేసే మెకానిక్ ఒకరు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరును వీలైనంత వరకు అలాగే ఉంచాం. - సం.)



ధరల గురించి, ఎరువుల గురించి పెద్దలు మాట్లాడేశారు. నాకు అప్పజెప్పింది చిన్న విషయం. బోరు దగ్గర స్టార్టర్ డబ్బాలోకి నీళ్లు ఎలా వెళ్తాయి అన్నది. చిన్నదే గానీ ఉభాల రోజుల్లో మీలో కొందరికి వారం రోజులు నీళ్లు లేకుండా చేసింది ఇదే. అందుకని కొంచెం ఓపిగ్గా వినండి.

వానలు మొదలయ్యాక నా షాపుకి వచ్చే స్టార్టర్లలో రెండు రకాలుంటాయి. పాతకాలపు ఇనుప డబ్బా, తలుపు సరిగ్గా పడదు, పక్కన కన్నాలు, లోపల బల్లి గుడ్లు. అది దుమ్ముతో వస్తుంది. రెండోది కొత్త డబ్బా. మూతకి చుట్టూ రబ్బరు, నాలుగు మూలలా స్క్రూలు, 'వాటర్‌ప్రూఫ్' అని స్టిక్కరు. అది విప్పితే అడుగున నీళ్లుంటాయి. ఒక్కోసారి అర గ్లాసుడు. మొన్న ఒకాయన అలాంటిదే పట్టుకొచ్చి, "ఏటి బావూ, దీనికి ఎక్కడా కన్నం లేదు. నీళ్లు ఎలాగెల్లాయి?" అన్నాడు. ఆకుమడి ముదిరిపోతోంది, బోరు ఆగి ఆరు రోజులైంది, మనిషి కళ్లలో నిద్ర లేదు. అంతకుముందు సంవత్సరం కూడా అదే డబ్బా తడిసిందట. తడిస్తే ఎవరో చెప్పారని రబ్బరు మీద సిలికాన్ కూడా పూశాడు. ఈ ఏడాది నీళ్లు ఇంకా ఎక్కువ వచ్చాయి.

కన్నం లేదు కాబట్టే నీళ్లు వెళ్లాయి. ఇది విడ్డూరంగా ఉంటుంది. నాకూ అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

మీ ఇంట్లో స్టీలు క్యారేజీ ఉంటుంది కదా. పొద్దున్నే వేడి వేడి అన్నం పెట్టి మూత గట్టిగా బిగించి పొలానికి పట్టుకెళ్తారు. మధ్యాహ్నం తినబోతే మూత రాదు. గట్టుకేసి కొట్టాలి, లేకపోతే పక్కవాణ్ణి పట్టుకోమని తిప్పాలి. మూత ఎవరూ అతికించలేదు. పెట్టినప్పుడు లోపల వేడి గాలి, ఆవిరి నిండి ఉన్నాయి. చల్లారాక గాలి ముడుచుకుంది, ఆవిరి నీళ్లయిపోయింది. లోపల బలం తగ్గింది, బయటి గాలి మూతని లోపలికి నొక్కేసి కూర్చుంది. మూత లోపలి వైపు చూడండి, నీటి బొట్లుంటాయి. మీ స్టార్టర్ డబ్బాలో జరిగేదంతా ఆ క్యారేజీలో ఉంది.

ఇప్పుడు లెక్క చెబుతాను. మూసిన డబ్బాలో గాలి 30 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు వేడెక్కితే దాని ఒత్తిడి పదో వంతు పెరుగుతుంది. వేసవి మధ్యాహ్నం నీడ లేని గట్టు మీద ఇనుప డబ్బాకి 60 డిగ్రీలు పెద్ద విషయం కాదు, చెయ్యి పెట్టి చూసినవాళ్లకి తెలుసు. పదో వంతే కదా అనుకోకండి. 18 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు ఉన్న తలుపు మీద ఆ పదో వంతు ఒత్తిడి అంటే దాదాపు 140 కిలోలు. తలుపుని లోపల్నుంచి రెండు ధాన్యం బస్తాలు తోస్తున్నట్టు. నిజానికి అంత బలం ఎప్పుడూ రాదు. అంతలోపే రబ్బరు ఎక్కడో ఒకచోట లొంగి, సన్నగా గాలి వదిలేస్తుంది. ఇంతవరకు నష్టం లేదు. గాలి బయటికి పోయింది, అంతే.

నష్టం సాయంత్రం వస్తుంది. మన వానలు ఎలా పడతాయో మీకు నేను చెప్పక్కర్లేదు. రెండు గంటల దాకా మాడే ఎండ, మూడింటికి తూరుపు కొండల మీద నలుపు, నాలుగింటికి కుంభవృష్టి. కాలుతున్న డబ్బా మీద చల్లటి నీళ్లు పడితే లోపలి గాలి పది నిమిషాల్లో ముడుచుకుంటుంది. ఇందాక బయటికి పోయిన గాలి ఇప్పుడు కావాలి. డబ్బా ఊపిరి లోపలికి పీలుస్తుంది. ఎక్కడ నుంచి? గాలి ఏ సందులోంచి పోయిందో అదే సందులోంచి. అప్పుడు ఆ సందు మీద ఏముంది? రబ్బరు అంచున వాన నీరు నిలబడి ఉంది. గాలికి బదులు నీళ్లు పీలుస్తుంది. నోట్లో స్ట్రా పెట్టుకుని కొబ్బరినీళ్లు లాగినట్టే. ఒక్కో వానకి నాలుగు చుక్కలే కావచ్చు. ఆ నాలుగు చుక్కలు మళ్లీ బయటికి రావడానికి దారి లేదు. మర్నాడు ఎండకి ఆవిరై, లోపలే తిరిగి, రాత్రి చల్లబడగానే కాంటాక్టర్ మీదా, రిలే మీదా, కాయిల్ మీదా బొట్లు బొట్లుగా కూర్చుంటాయి. ఇలా ఒక సీజన్ గడిస్తే అర గ్లాసు అవుతుంది.

వాన లేకపోయినా పూర్తిగా తప్పించుకోలేం. 35 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి దాదాపు 40 గ్రాముల నీటిని ఆవిరిగా మోయగలదు. 25 డిగ్రీల దగ్గర 23 గ్రాములే మోస్తుంది. మిగతాది దింపేస్తుంది. సముద్రం దగ్గరున్న మనకి గాలిలో తడి ఎప్పుడూ ఉంటుంది. పగలు రాత్రి తేడాకి డబ్బా ఆడే ఊపిరి ద్వారా ఆ తడి కూడా లోపలికి చేరుతుంది. అందులో ఉప్పు కలిస్తే రాగి మీద పచ్చటి తుప్పు.

తుపాను రోజుల్లో మరో తమాషా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు దాని నడిబొడ్డున గాలి ఒత్తిడి 950 మిల్లీబార్లకు పడిపోయింది. మామూలు రోజున 1010 ఉంటుంది. అంటే వేడీ చలవతో పని లేకుండానే, తుపాను మీద నుంచి వెళ్తుంటే డబ్బాలోని గాలిలో దాదాపు పదిహేడో వంతు బయటికి వచ్చేస్తుంది. తుపాను దాటగానే అంతా తిరిగి లోపలికి పీలుస్తుంది, అదీ హోరువాన కురుస్తుండగా. తుపాను తరవాత చెట్టు పడని చోట, డబ్బాకి దెబ్బ తగలని చోట కూడా స్టార్టర్లు ఎందుకు పోయాయో అప్పట్లో నాకు తెలియలేదు. పిడుగు ఖాతాలో రాసేశాం.

మరి ఆ 'వాటర్‌ప్రూఫ్' స్టిక్కరు అబద్ధమా? అబద్ధం కాదు. డబ్బాల మీద ఐపీ 65 అనో, ఐపీ 67 అనో రాసి ఉంటుంది. మొదటి అంకె దుమ్ముకి, రెండో అంకె నీటికి. 67 అంటే ఒక మీటరు లోతు నీటిలో అర గంట ముంచినా పాడవకూడదు. ఈ పరీక్షలకి ఐఈసీ 60529 అని ప్రమాణం ఉంది. ఆ పరీక్షలో నీటికీ డబ్బాకీ వేడిలో తేడా 5 డిగ్రీలకు మించకూడదని నియమం. పరీక్ష అందరికీ ఒకేలా జరగాలంటే అలాంటి నియమం ఉండాల్సిందే. కానీ మన పొలంలో తేడా 30 డిగ్రీలు. కాలుతున్న డబ్బా మీద చల్లటి వాన పడటం అన్నది ఆ ముంచే పరీక్షలో లేదు. స్టిక్కరు చూసి కొన్నవాళ్లకి ఈ మాట ఎవరూ చెప్పరు.

కాబట్టి నేను చెప్పేది ఒకటే. డబ్బా ఊపిరి తీసుకోకుండా ఆపలేం. ఎండా వానా ఉన్నంతకాలం అది పీలుస్తుంది, వదులుతుంది. ముక్కు పెట్టకపోతే రబ్బరులోంచి పీలుస్తుంది, వైరు తొడుగులోంచి పీలుస్తుంది. అసలు ప్రశ్న ఏమిటంటే ముక్కు ఎక్కడ పెట్టాలి, ఎలాంటిది పెట్టాలి.

ఇది కొత్త సంగతేమీ కాదు. మన ఇళ్లలో ఆవకాయ జాడీకి వాసెన కడతారు. గుడ్డ కట్టి మూత పెడతారు. ఊపిరి ఆడాలి, పురుగు పోకూడదు. అదే సూత్రం. ఊరి ట్రాన్స్‌ఫార్మర్ చూడండి. కొంచెం పెద్ద వాటికి పైన అడ్డంగా చిన్న డ్రమ్ము, దాని నుంచి కిందికి ఒక గొట్టం, గొట్టం చివర గాజు సీసా లాంటిది వేలాడుతుంటుంది. అందులో నీలం రంగు గింజలు. అదే ట్రాన్స్‌ఫార్మర్ ముక్కు. లోపలున్న నూనె వేడికి పెరుగుతుంది. వంద లీటర్ల నూనె 40 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 3 లీటర్లు పెరుగుతుంది. అంత గాలిని బయటికి తోస్తుంది, రాత్రి అంత గాలిని లోపలికి తీసుకుంటుంది. తీసుకునే గాలి ఆ గింజల్లోంచి వెళ్లాలి. గింజలు తడిని పట్టుకుంటాయి. ఆరోగ్యంగా ఉంటే నీలం, తడిసిపోతే గులాబీ. ఇప్పుడు కొన్నిటిలో నారింజ రంగు గింజలు వేస్తున్నారు, నీలం రంగుకి వాడే కోబాల్టు ఆరోగ్యానికి మంచిది కాదని. అడుగున చిన్న కప్పులో నూనె ఉంటుంది, దుమ్ము ఆపడానికి. గింజలు పూర్తిగా గులాబీ అయిపోయినా, గాజు పగిలినా, ఆ ట్రాన్స్‌ఫార్మర్ తడి గాలి పీలుస్తున్నట్టే. నూనెలో తడి చేరితే దాని పట్టు తగ్గి, ఒక రోజు పెద్ద లోడు మీద పోతుంది. అందరం లోడు ఎక్కువైందని అనుకుంటాం. దిమ్మె ఎక్కి ముట్టుకోకండి, ప్రాణం పోతుంది. కింద నిలబడి రంగు చూసి, ఫొటో తీసి లైన్‌మేన్‌కి పంపండి, అది చాలు. కొన్ని చిన్న ట్రాన్స్‌ఫార్మర్లకు ఈ సీసా ఉండదు. అవి పూర్తిగా మూసేసిన రకం. వాటిలో నూనె పెరగడానికి లోపలే చోటు వదులుతారు. సీసా లేదని కంగారు పడక్కర్లేదు.

మీ బోరులో దిగి ఉన్న సబ్‌మెర్సిబుల్ మోటారు సంగతి ఇంకా బాగుంటుంది. దింపే ముందు దానిలో మంచినీళ్లు నింపుతాం కదా, గాలి బుడగ లేకుండా. ఆ నీరు 30 నుంచి 60 డిగ్రీలకు వేడెక్కితే ఐదు లీటర్లకు సుమారు 60 మిల్లీలీటర్లు పెరుగుతుంది, చిన్న టీ గ్లాసుడు. నీళ్లు గాలిలా నలగవు. చోటివ్వకపోతే సీలు తన్నేస్తాయి. అందుకే మోటారు అడుగున రబ్బరు పొర ఒకటి ఉంటుంది. లోపలి నీరు పెరిగితే అది బయటికి ఉబ్బుతుంది, చల్లబడితే వెనక్కి వస్తుంది. బయటి బోరు నీరు లోపలికి రాదు, ఒత్తిడి మాత్రం రెండు వైపులా సమం. రివైండింగ్‌కి వచ్చిన మోటార్లలో ఆ పొర చిరిగిపోయి, ఇసుక లోపలికి పోయి, బుష్షులు అరిగిపోయినవి చూస్తుంటాను. వైండింగు ఖర్చు వేలల్లో ఉంటుంది, దాని ముందు పొర ఎంత! రివైండింగు చేయించినప్పుడల్లా ఆ పొర మార్చారా అని అడగండి. నన్ను కూడా అడగండి.

ఇక ట్రాక్టరు. ఇక్కడ ట్రాక్టరు ఉన్నవాళ్లు చేతులెత్తమంటే ఎక్కువే లేస్తాయి. గేరు పెట్టెకీ, వెనక యాక్సిల్‌కీ పైన చిన్న టోపీ లాంటిది ఉంటుంది. దాన్ని బ్రీదర్ అంటారు. గేర్లు తిరిగితే నూనె, గాలి వేడెక్కి ఆ టోపీలోంచి ఊపిరి వదులుతాయి. దమ్ములో అది బురదతో మూసుకుపోతుంది. అప్పుడు లోపలి ఒత్తిడి నూనె సీళ్ల మీద పడుతుంది, యాక్సిల్ చివర నూనె కారుతుంది. మెకానిక్ సీలు మారుస్తాడు. నెల తిరక్కుండా మళ్లీ కారుతుంది. మళ్లీ మారుస్తాడు. నేనూ అలా మార్చినవాణ్ణే, దాచుకోవడం దేనికి. టోపీ విప్పి డీజిలుతో కడిగి, ఊది పెడితే పోయేదానికి మూడు సీళ్లు మార్పించాను ఒకాయన చేత.

కారడం ఒక నష్టం. పీల్చడం ఇంకో పెద్ద నష్టం. దుక్కి దున్ని వేడెక్కిన ట్రాక్టరుని కేజ్ వీల్స్ కట్టి నేరుగా మడిలోకి దింపుతారు. యాక్సిల్ సగం నీళ్లలో మునుగుతుంది. వేడి గేరు పెట్టె ఒక్కసారిగా చల్లబడి లోపలికి లాగుతుంది. టోపీ మూసుకుపోయి ఉంటే సీలు పెదవి పక్కనుంచి బురద నీళ్లే లాగుతుంది. నూనె తీసి చూస్తే పాలలా తెల్లగా ఉంటుంది. ఆ నూనెతో ఇంకో సీజన్ నడిపితే బేరింగులు పోతాయి. మడిలో దింపే ముందు పది నిమిషాలు నీడన ఆపండి, దమ్ము అయ్యాక టోపీ కడగండి. అద్దె ట్రాక్టర్ల వాళ్లకి ఆ పది నిమిషాలు కష్టమని తెలుసు. గంటకి ఇంత అని తీసుకునేవాడికి నిలబెట్టిన బండి నష్టమే. అయినా చెబుతున్నాను.

ఇప్పుడు స్టార్టర్ డబ్బాల దగ్గరికి తిరిగి వద్దాం. గాలి వెళ్లాలి, నీళ్లు వెళ్లకూడదు అంటే గుడ్డ సరిపోదు, గింజలు ప్రతి డబ్బాకీ పెట్టలేం. ఆ పని చేసే పొర ఒకటి ఉంది. టెఫ్లాన్ అంటే మీకు తెలుసు, అట్టు అతుక్కోని పెనం మీద ఉండేది, పైపు మరల మీద చుట్టే తెల్ల టేపు. 1969లో అమెరికాలో బాబ్ గోర్ అనే ఆయన ఆ టెఫ్లాన్ కడ్డీలని వేడి చేసి మెల్లగా సాగదీస్తుంటే తెగిపోతున్నాయట. విసుగొచ్చి ఒక్కసారి గట్టిగా లాగాడు. తెగకుండా ఎన్నో రెట్లు సాగింది. అలా సాగిన పదార్థం లోపల కంటికి కనపడని కన్నాలు, సాలెగూడు లాగా. ఆవిరి, గాలి ఆ కన్నాల్లోంచి పోతాయి. నీటి బొట్టు పోదు. టెఫ్లాన్‌కి నీరంటే పడదు, తామరాకు మీద బొట్టు జారిపోయినట్టు పైనే ఉండిపోతుంది. చలి దేశాల్లో వాన కోట్లు దానితోనే కుడతారు. కార్ల హెడ్‌లైట్లకి, సెల్ టవర్ల మీది పెట్టెలకి, సోలార్ ఇన్వర్టర్లకి ఈ పొర పెట్టిన చిన్న బిరడాలు వాడుతున్నారు. వేలి గోరంత ఉంటుంది, బోల్టులా మర ఉంటుంది, డబ్బాకి కన్నం చేసి బిగించడమే.

దానితో అన్నీ తీరిపోతాయని చెప్పను. అది తడిని పీల్చే గింజ కాదు. బయట గాలి తడిగా ఉంటే లోపలా తడిగానే ఉంటుంది. అది చేసే పని ఒత్తిడి పెరగకుండా, తగ్గకుండా సమంగా ఉంచడం. ఒత్తిడి సమంగా ఉంటే రబ్బరు మీద పీలుపు ఉండదు, రబ్బరు అంచున నిలిచిన నీరు అక్కడే ఉండి ఆరిపోతుంది. లోపల కాస్త తడి చేరినా ఎండకి ఆవిరై మెల్లగా బయటికి పోయే దారి ఉంటుంది. దాన్ని డబ్బా నెత్తి మీద పెట్టకూడదు, నీళ్లు నిలుస్తాయి. పక్కనో, అడుగునో పెట్టాలి. దాని మీద రంగు వేస్తే ముక్కు మూసినట్టే. కందిరీగలు మట్టి గూడు పెడతాయి, చూసుకోవాలి. ఇంకొకటి, ఇది మనవాళ్లకే వచ్చే తిప్పలు: పురుగుమందులో జిగురు గానీ సబ్బు గానీ కలిపి కొడతాం కదా, ఆకుకి పట్టాలని. సబ్బు నీళ్లకి ఆ బొట్టు కట్టే గుణం తగ్గిపోతుంది. అలాంటి మందు పొర మీద పడితే పొర తడిసిపోతుంది, నీళ్లు లోపలికి పోవచ్చు. స్ప్రేయర్లు కడిగిన నీళ్లు డబ్బా మీద పారబోయకండి.

మీ సొంత స్టార్టర్ డబ్బాకి అంత బిరడా కూడా అక్కర్లేదని నా అభిప్రాయం. లోపల ఎలక్ట్రానిక్ కార్డులు లేని మామూలు స్టార్టరు అయితే పూర్తిగా మూయడమే తప్పు. పాత పెంకుటింటి గోడకి ఉన్న ఇనుప స్విచ్చి నలభై ఏళ్లు బతికింది, ఎందుకంటే నెత్తిన చూరు ఉంది, అడుగున గాలి ఆడింది. అదే చెయ్యండి. డబ్బా మీద చిన్న రేకు చూరు, దక్షిణం పడమర ఎండ తగలకుండా. రేకు డబ్బాకి అంటుకోకుండా నాలుగు వేళ్ల ఎడం ఉండాలి. తాటాకు కప్పినా పనికొస్తుంది గానీ ఎండాకాలం నిప్పు భయం. వైర్లు అడుగు నుంచే లోపలికి వెళ్లాలి, వెళ్లే ముందు వైరు ఒక వంపు కిందికి దిగాలి. పై నుంచి వైరు దింపితే వాన వైరు వెంటే డబ్బాలోకి నడిచొస్తుంది. డబ్బా అడుగున, అన్నిటికంటే పల్లంగా ఉన్న మూల, చిటికెన వేలు మందం కన్నం ఒకటి, దానికి లోపల్నుంచి ఇత్తడి జల్లెడ. బల్లి, చీమ రాకుండా. కన్నం పెట్టేటప్పుడు మెయిన్ ఆపి, ఫీజులు పీకి జేబులో వేసుకుని, స్టార్టరు బయటికి తీసి, అప్పుడు డ్రిల్లు పెట్టండి. ఇనుప రజను లోపల పడి షార్టయితే నా పేరు చెబుతారు. తడిసిన ఇనుప డబ్బా షాకు కొడుతుంది. ఎర్తు లేని డబ్బాలు ఈ మండలంలో ఎన్నున్నాయో లెక్కపెడితే గుండె ఆగుతుంది. తడి చేత్తో స్టార్టరు నొక్కడానికి ఆడవాళ్లని, పిల్లల్ని పంపకండి.

సిలికాన్ పూసేవాళ్లకి ఒక మాట. పుల్లటి వాసన వచ్చే సిలికాన్ ఆరేటప్పుడు వెనిగర్ లాంటి ఆమ్లం వదులుతుంది. మూసిన డబ్బాలో అది రాగిని తింటుంది. నీళ్లు ఆపుదామని పూస్తే కాంటాక్టులు పచ్చబడతాయి.

సోలార్ పంపు ఉన్నవాళ్లు, మొబైల్‌తో నడిచే ఆటోమేటిక్ స్టార్టర్ ఉన్నవాళ్లు మాత్రం కన్నాలు పెట్టకండి. లోపల కార్డులుంటాయి, గ్యారంటీ కూడా పోతుంది. వాటికి అడుగున చిన్న నల్లటి బిరడా ఉందో లేదో చూడండి. అదే ముక్కు అయ్యుంటుంది. అది వదులైందనుకుని ఎంసీల్ పెట్టి మూసినవాళ్లున్నారు. కొనేటప్పుడే అడగండి. అమ్మేవాడికి తెలియకపోతే కంపెనీని అడిగి చెప్పమనండి.

చివరిగా మీటరు డబ్బా. ఇదే అసలు సంఘంతో మాట్లాడాలని వచ్చింది. వ్యవసాయ కనెక్షన్లకు మీటర్లు పెట్టాలని 2020 సెప్టెంబరు 1న జీవో 22 వచ్చింది, మన పక్క శ్రీకాకుళం జిల్లాలోనే మొదట ప్రయోగంగా పెట్టారు. మీటరు ఉండాలా వద్దా అన్నది ఈ సంఘం చాలా సభల్లో మాట్లాడింది, నేను మెకానిక్‌ని, అందులోకి వెళ్లను. కానీ పొలం గట్టున ఎండావానల్లో ఏ డబ్బా పెట్టినా దానికి ఇందాక చెప్పిన కష్టమే ఉంటుంది. స్టార్టర్ డబ్బా మనది, మనం కన్నం పెట్టుకుంటాం, చూరు కట్టుకుంటాం. మీటరు డబ్బాకి సీలు ఉంటుంది. మనం ముట్టుకోకూడదు. మీటరుని పాడుచేశారన్న మాట వస్తే 2003 విద్యుత్ చట్టం 138వ సెక్షన్ ఉంది, మూడేళ్ల దాకా జైలు గానీ, పదివేల దాకా జరిమానా గానీ, రెండూ గానీ. అంటే సీలు వేసినవాడు తప్ప ఇంకెవరూ దానికి ముక్కు పెట్టలేరు. అలాంటప్పుడు అది తడిసి కాలితే రైతు నీళ్లు పోశాడనో, తెరిచాడనో అనడం న్యాయం కాదు.

మనం అడగాల్సింది పెద్దగా ఏమీ లేదు. కొనే డబ్బాల టెండరు షరతుల్లో ఐపీ నంబరు ఒక్కటే రాస్తే చాలదు, ఊపిరి బిరడా కూడా ఉండాలని రాయించాలి. ఎండలో కాగిన డబ్బా మీద చల్లటి నీళ్లు కొట్టి చూసే పరీక్ష ఒకటి చేయించాలి. బకెట్టు నీళ్లు, ఒక మధ్యాహ్నం, అంతకన్నా ఖర్చు లేదు. డబ్బాకి చూరు కట్టడానికి రైతుకి రాతపూర్వకంగా అనుమతివ్వాలి. కాలిన మీటరు విప్పేటప్పుడు రైతు ఎదుటే విప్పి, లోపల నీటి మరక ఎక్కడ మొదలైందో రాసుకోవాలి. ఆ మరకే సాక్షి. పై నుంచి ఎవరో పోస్తే మరక పైన ఉంటుంది, చిందరవందరగా. డబ్బా తానే పీల్చుకుంటే రబ్బరు గీత వెంబడి సన్నగా కారిన చారలుంటాయి, తుప్పు కూడా అక్కడి నుంచే మొదలవుతుంది. ఒకసారి చూసినవాళ్లు మళ్లీ పొరబడరు.

అందుకే ఈ నెలలో ఎవరి స్టార్టరు తడిసినా, బాగుచేయించే ముందు లోపల గుడ్డ పెట్టి తుడవకండి. మూత తీసి ఫోన్‌తో నాలుగు వైపులా ఫొటో తీయండి. వచ్చే నెల సమావేశానికి పనికిరాని పాత డబ్బాలు ఉంటే అలాగే పట్టుకురండి, తుప్పుతో సహా. పది డబ్బాలు పక్కపక్కన పెట్టి విప్పుదాం. అర్జీకి జత చేయాల్సిన ఫొటోలు అక్కడే తీద్దాం.